తట్ట మోసినోళ్ల పేరెక్కడ?

నాగార్జునకొండను ఎవరు తవ్వారు? పరీక్షలో రాసే జవాబు మనకందరికీ తెలుసు. 1926లో రంగస్వామి సరస్వతి ఆ లోయలో శిథిలాలు గుర్తించారు. 1927-31 మధ్య లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్, సాగర్ నీళ్లు ముంచెత్తక ముందు 1954-60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం తవ్వించారు. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే తవ్వించడం వేరు, తవ్వడం వేరు. పలుగు పట్టి తట్ట మోసిన కూలోళ్లు ఈ జవాబులో లేరు.

అదే లోయలో దొరికిన 3వ శతాబ్దపు ప్రాకృత శాసనమొకటి ఈ విషయంలో మనకన్నా నయం. బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించింది. ఆ శాసనంలో ఆమె పేరుతోపాటు పని చూసిన భిక్షువుల పేర్లూ, రాతిపని చేసిన విధికుడి పేరూ ఉన్నాయి. ఇక్ష్వాకుల కాలంలో రాతికెక్కిన శ్రమ మన కాలంలో మస్టరు రోలు దాటలేదు.

ఇది పేర్ల తగువు మాత్రమే కాదు. ఈ శాస్త్రాన్ని నమ్ముకుని ఎవరు బతకగలరన్నది అసలు ప్రశ్న. మట్టి రంగు మారిందనీ, అడుగున గోడ తగులుతోందనీ ముందు తెలిసేది పార పట్టినోడి చేతికి. పొరలకు నంబర్లేసి రిపోర్టు రాసేది శాస్త్రజ్ఞుడు. మొదటివాడు రెండోవాడి దాకా ఎక్కడానికి మధ్యలో మెట్లు లేవు.

పోనీ, చదువు దారిన వెళ్దామంటే? డిగ్రీ, ఎం.ఏ. అయ్యాక కేంద్ర పురావస్తు సంస్థ ఇచ్చే రెండేళ్ల డిప్లమా కోసం గ్రేటర్ నోయిడా పోవాలి. ఆపైన నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు. ఈలోగా దొరికితే సీజన్ పని. వానలు వెలిశాక మొదలవుతుంది, ఎండలు ముదిరితే ఆగిపోతుంది. నిధులైపోతే ఇంకా ముందే ఆగుతుంది. ఇంటికాడ నాలుగెకరాలున్నోడు ఓపిక పడతాడు. గురజాల పక్క మిరపకోతలకు పోయే తల్లి బిడ్డ ఎన్నేళ్లు ఆగగలడు? మానుకుంటే 'ఆసక్తి లేదు' అంటారు. వాడికి లేనిది ఆసక్తి కాదు, ఆగే స్తోమత.

రిజర్వేషన్ ఉందిగదా అంటారు. కేంద్ర కొలువుల్లో 45 రోజులు, ఆపైన సాగే తాత్కాలిక నియామకాలకూ అది వర్తించాలని నిబంధన ఉంది. అంతకు తక్కువ రోజుల పనికి అది అందదు. అనుభవం కూడేది మాత్రం ఇలాంటి ముక్కల పనుల్లోనే.

ఎవరు నిలబడితే వాళ్ల ప్రశ్నలే నేలను అడుగుతారు. మాచర్ల చాపకూడూ, మాల కన్నమదాసూ పల్నాటి జనం నోట బతికున్నారు. కూలివాడలు ఎక్కడుండేవి, వాళ్లు ఏం తిన్నారు, ఏ బావి నీళ్లు తాగారు అని అడగాలంటే ఆ వాడల నుంచి వచ్చినోళ్లు ఈ రంగంలో ముసలితనం దాకా ఉండగలగాలి.

అందుకు చేయాల్సినవి పెద్ద పనులేం కావు. తవ్వకంలో చేయితిరిగిన కూలీకి నైపుణ్య సర్టిఫికెట్, దానికి తగ్గ కూలి రేటు ఇవ్వాలి. విద్యార్థికి సీజను పొడవునా స్టైపెండు ఇవ్వాలి. ప్రతి రిపోర్టులోనూ తవ్వినవాళ్ల పేర్లు అచ్చేయాలి. పదిహేడు వందల ఏళ్ల కింద విధికుడికి దక్కిన మర్యాదే ఇప్పుడు మనం అడుగుతున్నది.