సముద్రానికి దిగువన ఒక రాజ్యం

ఖరగ్‌పూర్ పక్కనున్న సాలువాలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాశ్రయం కట్టారు. గట్టి ఎర్రనేల, మెరక. రన్‌వేకి అంతకన్నా ఏం కావాలి? నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి స్కిపోల్ విమానాశ్రయం దీనికి పూర్తిగా తలకిందులు. అది సముద్రమట్టానికి మూడు మీటర్లకు పైగా దిగువన, ఒకప్పటి సరస్సు అడుగున ఉంది. ఆ సరస్సును మూడు ఆవిరి పంపుకేంద్రాలు 1852 కల్లా తోడేశాయి. స్టేషన్ బోర్డు మీద సముద్రమట్టం ఎత్తు చదవడం అలవాటైన ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాళ్లకు ఒక మాట: అలాంటి బోర్డులే అక్కడా పెడితే కొన్నింటి మీద అంకె ముందు మైనస్ గుర్తు వేయాలి.

దేశం చిన్నది, మన ఆంధ్రప్రదేశ్‌లో నాలుగోవంతు. జనం సుమారు 1 కోటి 80 లక్షలు. ఐరోపాలోని భూభాగంలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు 322 మీటర్లే. నేలలో దాదాపు 26 శాతం సముద్రమట్టానికి కిందే ఉంది.

అంత పల్లమెందుకైంది? సముద్రం చేసిన పని కొంతే, మిగతాది మనుషులదే. వెయ్యేళ్ల కిందట అక్కడ విస్తారంగా ఊబినేలలు ఉండేవి. సగం కుళ్లిన మొక్కలు పొరలు పొరలుగా పేరుకున్న నేల అది. నీటిలో నానినంతకాలం గాలి అందదు కాబట్టి పూర్తిగా కుళ్లదు. సాగుకోసం రైతులు కాలువలు తవ్వి నీరు తీసేశారు. గాలి చొరబడింది, సూక్ష్మజీవులు పని మొదలెట్టాయి, నేలలోని కర్బనం బొగ్గుపులుసు వాయువై ఎగిరిపోయింది. నేల కుంగింది, నీరు మళ్లీ వచ్చింది. కాలువలు ఇంకా లోతు చేశారు, నేల ఇంకా కుంగింది. చివరికి నీరు దానంతటదే పారని స్థితి వచ్చాక ఎత్తిపోయడానికి గాలిమరలు పెట్టారు. క్యాలెండర్లలో మనం ముచ్చటపడే ఆ మరలు నిజానికి కొనితెచ్చుకున్న జబ్బుకు మందు. ఊబినేలలు ఇప్పటికీ కుంగుతూనే ఉన్నాయి.

నీటిని ఆపే గట్టు ఒక్కచోట తెగినా అందరి పొలాలూ మునుగుతాయి. అందుకే 13వ శతాబ్దం నుంచే నీటి మండళ్లు ఏర్పడ్డాయి. ఇప్పటి రాజ్యం పుట్టింది 1815లో, అంటే రాజుకన్నా నీటి మండలే పెద్దది! నేడు 21 మండళ్లున్నాయి. వాటికి ఎన్నికలు జరుగుతాయి, సొంత పన్నుంది. 2013 నుంచి విలెమ్ అలెగ్జాండర్ రాజు. 1848 రాజ్యాంగంతోనే పాలన బాధ్యత రాజు నుంచి మంత్రులకు మారింది. రాజధాని ఆమ్‌స్టర్‌డామ్ అయినా పార్లమెంటు హేగ్‌లో ఉంది. దిగువసభలోని 150 స్థానాలు ఓట్ల నిష్పత్తిలో పంచుతారు కాబట్టి పాలన ఎప్పుడూ సంకీర్ణాలదే. ఈ సర్దుబాటు గుణం గట్లు కాపాడుకోవడం వల్లే వచ్చిందంటారు. నాకైతే అది కాస్త అందమైన అతిశయోక్తి అనిపిస్తుంది.

1953 ఫిబ్రవరి 1న ఉప్పెన గట్లు తెంచి 1,836 మందిని బలిగొంది. ఆ తర్వాత చేపట్టిన పనుల్లో చివరిది రోటర్‌డామ్ దగ్గర ఉప్పెనను అడ్డుకునే తుపాను తలుపు, 1997లో పూర్తయింది. ఒక్కో రెక్క 22 మీటర్ల ఎత్తు, 210 మీటర్ల పొడవు.

ఈ నెదర్లాండ్స్ వాళ్లు, అంటే డచ్చివాళ్లు, మనకు కొత్తవాళ్లేం కాదు. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టి కలంకారీ అద్దకాలు కొన్నారు. ఆ బట్టలిచ్చి తూర్పుదీవుల్లో సుగంధద్రవ్యాలు తీసుకునేవారు. కొన్ని వాళ్ల ఆడవాళ్ల దుస్తులయ్యాయి. భీమునిపట్నంలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

కృష్ణా, గోదావరి డెల్టాలూ కుంగుతున్నాయి. ఆనకట్టలు ఒండ్రును ఆపేయడం అందుకు ఒక ప్రధాన కారణం. 1997లోనే ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి రైతులకు ఎన్నికైన సాగునీటి సంఘాలు ఇచ్చింది. అయితే అవి ఎక్కువగా ప్రభుత్వ నిధుల మీదే ఆధారపడ్డాయి. డచ్చివాళ్ల దగ్గర మనం అరువు తెచ్చుకోవలసింది తుపాను తలుపు కాదు, సొంత ఖజానా ఉన్న నీటి మండలి.