బ్యాటరీ మార్చాక రేడియో మూగబోతే?

సెకండ్ హ్యాండ్‌లో పాత స్పోర్ట్స్ కారు కొన్నవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. బ్యాటరీ మార్చాక ఇంజిన్ మామూలుగానే స్టార్టవుతుంది. రేడియో మాత్రం ‘కోడ్’ అని చూపిస్తూ మూగబోతుంది. అది పాడవలేదు. కరెంటు తెగగానే లాక్ అయ్యేలా కంపెనీలే దాన్ని తయారు చేశాయి. దొంగ స్టీరియోను పీకేసినా కోడ్ లేకుండా వాడుకోలేడు.

కోడ్ కార్డును సాధారణంగా మాన్యువల్‌తో పాటే ఇస్తారు. కారు చేతులు మారేటప్పుడు పోయేదీ అదే. అప్పుడు చాలామంది ఆన్‌లైన్‌లో కోడ్‌లు అమ్మేవారిని ఆశ్రయిస్తారు. ముందుగా కంపెనీని అడగడం మేలు. అమెరికాలో హోండా యజమానులు సంస్థ వెబ్‌సైట్‌లోనే కారు వీఐఎన్, రేడియో సీరియల్ నంబర్ ఇచ్చి ఉచితంగా కోడ్ పొందవచ్చు. చాలా హోండా మోడళ్లలో 1, 6 బటన్లు కలిపి నొక్కిపట్టి రేడియో ఆన్ చేస్తే సీరియల్ నంబర్ తెరపై కనిపిస్తుంది. మిగతా బ్రాండ్లకు యాజమాన్య పత్రాలతో డీలర్‌ను కలవాలి.

అంకెలు ఊహించి నొక్కడం మంచిది కాదు. పాత ఫోక్స్‌వ్యాగన్, ఆడి రేడియోలు చాలావరకు రెండు తప్పులకే గంటసేపు లాక్ అవుతాయి. వీఐఎన్, సీరియల్ నంబర్లను నలుగురూ చూసేచోట పెట్టకూడదు. కోడ్ రాబట్టడానికి ఆధారం అవే. పాత కారు కొనేటప్పుడు డబ్బు చేతికిచ్చే ముందే కోడ్ కార్డు అడిగి తీసుకుంటే ఈ తిప్పలే ఉండవు.