కుట్టు చూపితేనే కొలువు
వెబ్ ఉద్యోగార్థులకు అనుభవమే అడ్డంకి

రాయదుర్గం: హైదరాబాదులోనూ ఒక రాయదుర్గం ఉంది. 2019 నవంబరు 29న మెట్రో రైలు అక్కడిదాకా వచ్చింది. చుట్టూ కంప్యూటరు కంపెనీల అద్దాల మేడలే. అనంతపురం జిల్లా రాయదుర్గంలో వినిపించేది జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషన్ల చప్పుడు. ఊరు దాటితే వాన కోసం ఎదురుచూసే వేరుశనగ చేలు. ఇక్కడ డిగ్రీ పూర్తిచేసి, అక్కడో బెంగళూరులోనో వెబ్ డెవలపర్‌గా చేరాలనుకునే యువతీ యువకులకు మొదట ఎదురయ్యేది ఒకే ప్రశ్న: "అనుభవం ఎంత?"

ఉద్యోగం ఇస్తేనే కదా అనుభవం వచ్చేది! ఈ చిక్కుముడి విప్పుకోలేకనే పలువురు నిరుద్యోగులు దళారుల వలలో పడుతున్నారు.

కొన్న అనుభవం నిలవదు

చేయని ఉద్యోగానికి రెండు మూడేళ్ళ అనుభవ పత్రాలు అమ్మేవారు నగరాల్లో ఉన్నారు. డిపాజిట్ కడితే దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పిస్తామనేవారూ ఉన్నారు. అయితే 2014లో వచ్చిన యు.ఎ.ఎన్. నెంబరు ఆధారంగా ఒక ఉద్యోగి ఎక్కడ, ఎన్నాళ్ళు పనిచేసిందీ పి.ఎఫ్. ఖాతాలో తెలిసిపోతుంది. చేరాక బయటపడినా ఉద్యోగం ఊడుతుంది. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు మాత్రం తండ్రి నెత్తిన మిగులుతుంది.

ఊళ్ళోనే ఉంది పని

జీన్స్ యూనిట్‌కు కొత్త టైలరు వస్తే యజమాని గుడ్డ ఇచ్చి కుట్టమంటాడు. కుట్టు తిన్నగా ఉంటే పని ఇస్తాడు. వెబ్ పనీ అంతే. పేజీ నిర్మాణానికి హెచ్.టి.ఎం.ఎల్., రూపురేఖలకు సి.ఎస్.ఎస్., మీట నొక్కితే స్పందించడానికి జావాస్క్రిప్ట్ నేర్వాలి. సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న వెబ్‌ను అందరికీ ఉచితంగా విడిచిపెట్టింది. నేర్చుకునే పాఠాలూ, పనిముట్లూ చాలావరకు ఉచితమే. కంప్యూటరు, నెట్, ఓపిక ఉంటే చాలు.

నేర్చినవారు ఊళ్ళోనే ఒక జీన్స్ యూనిట్‌కు సైజులు, ధరలు, ఆర్డరు ఫారంతో సైట్ తయారుచేయవచ్చు. అది చవక ఫోనులోనూ తెరుచుకోవాలి. యజమాని చెప్పిన మార్పులు చేసి, తప్పులు దిద్ది, ఆ కోడ్‌ను గిట్‌హబ్‌లో ఉంచితే కంపెనీవారు ఎక్కడి నుంచైనా చూడగలరు. నకలు కొట్టిన పది సైట్లకంటే సొంతంగా పూర్తిచేసిన రెండు సైట్లు మేలు. ప్రతి వరుసా ఎందుకు రాసిందీ ఇంటర్వ్యూలో చెప్పగలగాలి.

అప్రెంటిస్‌షిప్ మరో దారి. 1961 నాటి అప్రెంటిస్ చట్టానికి 2014లో సవరణ జరిగాక, ఇంజనీరింగు చదవని పట్టభద్రులకూ అవకాశం కలిగింది. స్టైపెండు తక్కువే అయినా ఆ అనుభవం నిజమైనది.

పట్టణంలోని కళాశాలలు చివరి ఏడాది విద్యార్థులను స్థానిక వ్యాపారుల వద్దకు పంపి ఇటువంటి పనులు చేయిస్తే ఇరువురికీ మేలు. వ్యాపారులు కూడా ఊరికే చేయించుకోక తగిన ప్రతిఫలం ఇవ్వాలి. అప్పుడు "అనుభవం ఎంత?" అన్న ప్రశ్నకు ఇక్కడి పిల్లలు కొన్న పత్రం చూపనక్కరలేదు, చేసిన పనే చూపవచ్చు.