ఆదిలాబాద్ ఎయిర్‌పోర్టు: పొగమంచులో విమానం దిగాలంటే ఏం కావాలి? అంత ఖర్చు అవసరమా?

చలికాలం వచ్చిందంటే ఆదిలాబాద్‌లో తెల్లారినా లైట్లు వేసుకునే బండి నడపాలి. అక్కడి ఎయిర్‌ఫోర్స్ స్థలం నుంచి పౌర విమానాలు నడిపేందుకు రక్షణ శాఖ 2025లో ఓకే చెప్పింది. మరి ఆ మంచులో విమానాలు దిగుతాయా?

ఐఎల్‌ఎస్ అంటే ఏంటి?

ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్. రన్‌వే దగ్గరి యాంటెన్నాలు రేడియో సిగ్నల్స్ పంపుతాయి. విమానం రన్‌వేకు సూటిగా వస్తోందా, సరైన ఎత్తులో దిగుతోందా అన్నది పైలట్‌కు వీటితోనే తెలుస్తుంది. ఇందులో రకాలున్నాయి.

* క్యాట్-1: రన్‌వేపై కనీసం 550 మీటర్లు కనిపించాలి. 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే గానీ, లైట్లు గానీ కనిపించకపోతే విమానం మళ్లీ పైకి లేవాల్సిందే.
* క్యాట్-2: 300 మీటర్లు, 100 అడుగులు.
* క్యాట్-3బి: 50 మీటర్లు కనిపించినా చాలు. ఆటోపైలటే దించుతుంది. ఢిల్లీలో ఉంది. సౌత్‌లో మొదట బెంగళూరుకు వచ్చింది.

అన్నిచోట్లా క్యాట్-3 పెట్టొచ్చు కదా?

ఒక్క మెషీన్ కొంటే పని అయిపోదు. రన్‌వే మధ్యలో లైట్లు, విజిబిలిటీ కొలిచే పరికరాలు, కరెంటు పోతే సెకనులో అందుకునే బ్యాకప్ ఉండాలి. విమానానికి ఆ సామర్థ్యం, పైలట్‌కు ట్రైనింగ్ కూడా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా పెట్టిన ఖర్చు వృథానే. చిన్న ఊళ్లకు ఎక్కువగా తిరిగే ఏటీఆర్ విమానాలు క్యాట్-3 ల్యాండింగ్ చేయలేవు.

అలాగని మంచును తేలిగ్గా తీసుకోలేం. గన్నవరంలో మంచు కమ్మితే విమానాలు గాల్లో చక్కర్లు కొట్టి హైదరాబాద్‌కు మళ్లిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

మరి ఆదిలాబాద్‌కు ఏది బెటర్?

ఢిల్లీలో రోజూ వందల విమానాలు తిరుగుతాయి కాబట్టి ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. రోజుకు నాలుగైదు సర్వీసులుండే చోట గిట్టదు. మన దగ్గర మంచు మామూలుగా ఎండ ఎక్కితే విడిపోతుంది. కాబట్టి క్యాట్-1, మంచి లైట్లు పెట్టి, చలికాలంలో మొదటి ఫ్లైట్‌ను కాస్త ఆలస్యంగా నడిపితే చాలు.

కానీ ఒక్క పని మాత్రం ఇప్పుడే చేయాలి. రన్‌వే ముందు వేసే అప్రోచ్ లైట్ల వరుసకు దాదాపు 900 మీటర్ల జాగా కావాలి. భూసేకరణలోనే దాన్ని పక్కన పెట్టాలి. పరికరాలు రేపైనా కొనొచ్చు. చుట్టూ ఇళ్లు లేచాక జాగా మాత్రం దొరకదు.