మరణకాలము – లోకుల లెక్కలు



హైదరాబాదు నుండి యాదగిరిగుట్టకు పోవు యాత్రికులు పెక్కుమంది మన నారపల్లి మీదుగనే పోవుదురు. దారిలో మన ఆలయమున ఆగి, ప్రసాదము స్వీకరించి, మండపమున కొంతసేపు విశ్రమించువారు నన్ను అడుగు ప్రశ్నలలో ఒకటి తరచుగా వినవచ్చుచున్నది. "పంతులుగారూ, మహానుభావులు తమ మరణ సమయమును తామే నిర్ణయించుకొందురా? మంచి ఘడియలో పోయినవాడు పుణ్యాత్ముడు, చెడు ఘడియలో పోయినవాడు పాపాత్ముడు అనుట నిజమేనా?" రామోజీరావుగారు పరమపదించిన నాటినుండి ఈ ప్రశ్న మరింత బలపడినది. కావున శాస్త్రము ఏమి చెప్పుచున్నదో నాకు తెలిసినంత వివరించుచున్నాను.

లోకుల మాట

రామోజీరావుగారు 1936 నవంబరు 16న కృష్ణా జిల్లా పెదపారుపూడిలో, వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. 1962లో మార్గదర్శి, 1974 ఆగస్టు 10న విశాఖపట్టణమున ఈనాడు, 1980లో ప్రియా పచ్చళ్లు, 1995లో ఈటీవీ, ఆ మరుసటి ఏడు మనకు దక్షిణమున విజయవాడ దారిలో ఫిల్మ్ సిటీ నెలకొల్పిరి. 2016లో పద్మవిభూషణ్ పురస్కారము పొందిరి. 2024 జూన్ 8, శనివారము తెల్లవారుజామున, 87 ఏండ్ల వయస్సున, హైదరాబాదులోని ఆసుపత్రిలో కన్నుమూసిరి. మరునాడు ఫిల్మ్ సిటీలో ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి.

దీనికి నాలుగు దినములు ముందు, జూన్ 4న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల ఫలితములు వెలువడినవి. అప్పటి ప్రభుత్వమునకును ఆయన పత్రికకును పొసగలేదన్నది లోకవిదితము. ఆ ప్రభుత్వము ఓడిపోయినది. అంతట లోకులు లెక్కలు కట్టసాగిరి. అభిమానించువారు "ఆ ఫలితము చూచుటకే ప్రాణము నిలుపుకొనిరి, భీష్మునివలె ఇచ్ఛామరణము" అనిరి. అభిమానింపనివారు "జూన్ 12 నాటి ప్రమాణ స్వీకారమును చూడలేకపోయిరి, ఆగస్టులో రానున్న పత్రిక స్వర్ణోత్సవమును చూచుకొనలేకపోయిరి" అని వేరొక విధముగా లెక్కించిరి. పంచాంగము చూచినవారు "ఉత్తరాయణము, శుక్లపక్షము, ఉత్తమగతి" అనిరి. ఒకే మరణము, మూడు తీర్పులు.

ఒక్క సంగతి గమనింపుడు. అన్ని సంస్థలు, అన్ని సంకల్పములు గల జీవితమున ఏ దినమున మరణము వచ్చినను దాని ముందో వెనుకనో ఒక ముఖ్యమైన ఘట్టము ఉండియే తీరును. ఆయన ఆగస్టు 11న పోయియున్నచో "స్వర్ణోత్సవము చూచి పోయిరి" అనియుందుము. నవంబరులో పోయియున్నచో జన్మదినమునకు ముడిపెట్టియుందుము. మరణము ముందు, ముడి తరువాత. ముడి వేయుచున్నది మనము.

ఇది మన దేశమునకే పరిమితము కాదు. అమెరికా పూర్వాధ్యక్షులు జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఇరువురును 1826 జులై 4న, వారి స్వాతంత్ర్య ప్రకటనకు సరిగా 50 ఏండ్లు నిండిన దినముననే మరణించిరి. ఆపిల్ సంస్థను నెలకొల్పినవారిలో ఒకరైన స్టీవ్ జాబ్స్, ఆ సంస్థ 2011 అక్టోబరు 4న క్రొత్త ఫోనును ప్రకటించిన మరునాడే మరణించిరి. అక్కడివారును "దానికొరకే ఆగిరి" అనుకొనిరి. పండుగ కొరకు మరణము వాయిదా పడునా అని అచ్చటి పండితులు పరిశీలించిరి. వాయిదా పడుచున్నదని మొదట కొందరు వ్రాసిరి. తరువాత ఒహాయో రాష్ట్రమున 1989 నుండి 2000 వరకు క్యాన్సరుతో మరణించిన మూడు లక్షలకు పైబడిన వారి వివరములను పరిశీలింపగా, క్రిస్మసు కొరకు గాని జన్మదినము కొరకు గాని ప్రాణము ఆగినట్లు కానరాలేదు. ఆ ఫలితము 2004లో ప్రకటితమైనది.

భీష్ముని కథ చెప్పునది

"మరి భీష్ముడో?" అని మీరడుగుదురు. భీష్ముని ఇచ్ఛామరణము తండ్రి శంతనుడు ఇచ్చిన వరము. వరము లేనిదే ఆ శక్తి లేదనుటయే దాని అర్థము. భారతమున అది ఒక్కనికి దక్కినది. దానిని అందరికి కొలబద్దగా చేయరాదు.

పదవ దినమున నేలకొరిగిన భీష్ముడు అంపశయ్యపై 58 రాత్రులు గడిపెను. అన్ని దినములు ఆయన చేసినదేమి? శాంతిపర్వము, అనుశాసనపర్వము చూడుడు. ధర్మరాజు సందేహములను తీర్చెను. రాజధర్మము, దానధర్మము, మోక్షధర్మము చెప్పెను. విష్ణుసహస్రనామమును లోకమునకు అందించెను. ఉత్తరాయణము కొరకు వేచియుండెను, నిజమే. కాని వేచియున్న కాలమును సద్వినియోగము చేయుటలోనే ఆయన గొప్పతనమున్నది.

ఇంకొక మాట. యుద్ధము 18 దినములలో ముగిసినది. అప్పటికింకను భీష్ముడు ఉత్తరాయణము కొరకు ఎదురుచూచుచునే యుండెను. అనగా పదమూడవనాడు కూలిన అభిమన్యుడు, పదునైదవనాడు కూలిన ద్రోణుడు, పదునేడవనాడు కూలిన కర్ణుడు, అందరును దక్షిణాయనముననే పోయిరి. వారు దుర్గతి పొందిరా? స్వర్గారోహణపర్వమున ధర్మరాజు వారిని దివ్యతేజస్సుతో దర్శించెను. అయనమే గతిని నిర్ణయించునది యైనచో వ్యాసుడు అట్లు చెప్పియుండునా?

గీతలోని రెండు మార్గములు

భగవద్గీత ఎనిమిదవ అధ్యాయమున అగ్ని, పగలు, శుక్లపక్షము, ఉత్తరాయణము ఒక మార్గముగను, ధూమము, రాత్రి, కృష్ణపక్షము, దక్షిణాయనము మరియొక మార్గముగను చెప్పబడినవి. పంచాంగము చూచి తీర్పు చెప్పువారు దీనినే ప్రమాణముగా చూపుదురు. కాని శంకర భగవత్పాదులు ఆ పదములకు కేవల కాలమును చెప్పక, ఆ కాలములకు అభిమానులైన దేవతలను, అనగా జీవుని దారిన నడిపించువారిని చెప్పిరి. బ్రహ్మసూత్రముల నాలుగవ అధ్యాయమున ఇంకను స్పష్టముగా, దక్షిణాయనమున దేహము విడిచినను ఉపాసకునకు ఫలము తప్పదని నిర్ణయింపబడినది. ఏ మార్గమున పోవుననునది జీవుని సాధనను బట్టియే గాని గోడమీది క్యాలెండరును బట్టి కాదు.

జ్యోతిషము మాట యేమి? ఆయుర్దాయ గణితమున్నది, కాదనను. అందు పిండాయువు, నిసర్గాయువు, అంశాయువు అని పద్ధతులు వేరు. ఒకే జాతకమునకు ఒక్కొక్క పద్ధతి ఒక్కొక్క సంఖ్య నిచ్చును. వరాహమిహిరుడే ఆయుర్దాయ ప్రకరణమున ఇతరుల మతములను విమర్శించెను. పెద్దల నడుమనే ఇంత భేదమున్నచోట, ఫలానివారు ఫలాని దినమున పోవుదురని బహిరంగముగా చెప్పుట సాహసము. ప్రసిద్ధులు ఆసుపత్రిలో చేరినంతనే "ఇంక ఎన్నాళ్లు" అని జాతకములు తీయుట ఆ ఇంటివారి గుండెలపై రాయి వేయుటయే.

ఈ లెక్కల వలన కలుగు హాని

పెద్దవారి విషయమున ఇది కాలక్షేపమని కొందరందురు. కాని మండపమున కూర్చుండి నేను వినుచున్నది వేరు.

కొంతకాలము క్రిందట ఉప్పలునుండి ఒక గృహిణి అన్నదానమునకు విరాళము ఇయ్యవచ్చి, రసీదుపై తండ్రి పేరు వ్రాయించుచు కంట తడిపెట్టెను. తండ్రి ముప్పది ఏండ్లు బస్సు నడిపి నలుగురు బిడ్డలను పెంచినవాడు. ఆషాఢ బహుళ అమావాస్య రాత్రి పోయెను. "దక్షిణాయనము, అమావాస్య, రాత్రి. మీ నాన్న ఏమి పాపము చేసెనో" అని చావింటనే ఒక బంధువు అనెనట. "మూడేండ్లుగా ఆ మాటే చెవిలో ఉన్నది పంతులుగారూ. నాన్నకు గతి లేదా?" అని అడిగెను. అభిమన్యుని సంగతి, సూత్రకారుని నిర్ణయము చెప్పి, "అమ్మా, నలుగురికి అన్నము పెట్టిన చేయి అది. మీ నాన్నగారికి తిథి దోషము లేదు. ఆ మాట అన్న నోటికి దోషమున్నది" అంటిని. ఆమె చాలసేపు మాటాడలేదు. పోవునపుడు మాత్రము తండ్రి పేరును మరల ఒకసారి రసీదుపై చూచుకొని నవ్వెను.

మరియొకమారు ఒక కుటుంబమువారు ఫోను చేసిరి. ఇంటి పెద్ద వెంటిలేటరుపై నున్నాడు. ఇంక ఆశ లేదని వైద్యులు చెప్పిరి. ధనిష్ఠా పంచకము గడచువరకు అట్లే ఉంచవలెనా అని వారి ప్రశ్న. ధనిష్ఠ ఉత్తరార్ధము మొదలు రేవతి వరకు గల నక్షత్రములలో మరణము దోషమని వాడుక, నిజమే. అయితే దానికి శాంతి చెప్పబడినది. శాంతి యున్న దోషమునకు భయమేల? పోవు ప్రాణిని నక్షత్రము కొరకు బాధలో నిలుపుమని ఏ శాస్త్రమును చెప్పలేదు. "వైద్యులు, మీరు కలిసి ఆయనకు బాధ తగ్గు మార్గమును ఆలోచింపుడు. చెవిలో నారాయణ నామము చెప్పుడు. తక్కినది తరువాత నేను చూచుకొందును" అని చెప్పితిని.

మరణ సమయము ఎందుకు గుర్తుంచుకొనవలెను?

అట్లని మరణ సమయమును గుర్తింపనక్కరలేదని కాదు. దాని ముఖ్యప్రయోజనము ఆబ్దికము. మాసము, పక్షము, తిథి వ్రాసి ఉంచుకొనవలెను. ఇంగ్లీషు తేదీ ఒక్కటే చాలదు. ఉదాహరణకు రామోజీరావుగారు పోయినది జూన్ 8 అయినను, తిథి క్రోధి నామ సంవత్సర జ్యేష్ఠ శుద్ధ విదియ. ప్రతి సంవత్సరము ఆ విదియ వేరొక తేదీన వచ్చును. పెద్దల తిథి తెలియక మాసము మాత్రమే తెలిసినవారు ఆ మాసపు అమావాస్యనాడు చేయవచ్చును. మన ఆలయమున అన్నదానమునకు దినము వ్రాయించుకొను దాతలు తేదీతోపాటు తిథిని కూడ వ్రాయించినచో మేలు.

రామోజీరావుగారి విషయమున నాకు ఆ నాలుగు దినముల లెక్కకంటె ముఖ్యమని తోచినది వేరొకటి. ఆయన బ్రతికియుండగానే ఫిల్మ్ సిటీలో తన స్మారకస్థలమును సిద్ధము చేయించుకొనిరి. అంత్యక్రియలు అచ్చటనే జరిగినవి. ఎప్పుడు పోవుదునో తెలియకున్నను పోవుట తప్పదని తెలిసిన మనిషి చేయు పని అది.

పరీక్షిత్తునకు ఏడు దినములున్నవని తెలిసినది. ఆయన భాగవతము వినెను. ఖట్వాంగునకు ముహూర్తకాలము, అనగా 48 నిమిషములు మాత్రమే మిగిలినవని తెలిసినది. అంతలోనే సర్వము విడిచి హరిని ఆశ్రయించెను. మనకు ఆ సంఖ్య తెలియదు. తెలియకపోవుట వలననే ఈ దినము విలువైనది. ఇయ్యదలచినది నేడే ఇయ్యవలెను. తీర్పదలచిన పగను నేడే తీర్చుకొనక విడువవలెను. పలుకరింపవలసిన తోబుట్టువును నేడే పలుకరింపవలెను.

ఇకపై ఏ ఇంట మరణము సంభవించినను, మంచి ఘడియయో కాదో మనము తీర్పు చెప్పవద్దు. ఆ ఇంటికి పోయి, భుజముపై చేయి వేసి, పోయినవారు చేసిన ఒక మంచిని తలచుకొందము. దుఃఖములో నున్నవారికి మనము చేయగల శాంతి అదియే.

శుభమ్ భూయాత్.