కీరదోసకు గాలి మేత

మొక్క ఎండలో అన్నం వండుకుంటుందని బడిలో చదువుకున్నాం. పొయ్యి ఎండ, ఎసరు వేళ్ళు తెచ్చిన నీళ్ళు. మరి బియ్యం? అది గాలిలోంచి వస్తుంది. కాయలో నీరంతా తీసేస్తే మిగిలే పదార్థంలో సగానికి కాస్త తక్కువ కార్బనే. అదంతా ఆకు గాలిలోంచి ఏరుకున్న బొగ్గుపులుసు వాయువు (పాత వాచకాల్లోని ఈ పేరే నాకిష్టం). ఏరుకోవడం అని ఎందుకన్నానంటే, పది లక్షల పాళ్ళ గాలిలో అది సుమారు 420 పాళ్ళే.

చలిదేశాల గాజు ఇళ్ళలో ఇక్కడే చిక్కు. చలికి కిటికీలు మూస్తారు. ఎండ కాసిందంటే, లోపలున్న వాయువును ఆకులు 200 పాళ్ళ దాకా దింపేస్తాయి. వెలుగుంది, నీళ్ళున్నాయి, ఎరువుంది, మొక్క మాత్రం పస్తు. అందుకే బయటినుంచి పెడతారు, 800 నుంచి 1000 పాళ్ళ దాకా. టమాటా, కీరా, కాప్సికం దిగుబడి ఐదో వంతు, నాలుగో వంతు పెరగడం మామూలే. ఆపైన పెడితే ఖర్చే గానీ కాపు పెద్దగా పెరగదు.

లండన్‌కి ఉత్తరాన లీ వ్యాలీ కీరాకి పేరుపడ్డ చోటు. అక్కడ ఒక తోట చూశాను. పాదుల మొదళ్ళ దగ్గర, నేలబారున, బెజ్జాలున్న ప్లాస్టిక్ గొట్టాలు. వాయువు అందులోంచే వస్తుంది. బాయిలర్‌లో గ్యాస్ మండిస్తారు. మొక్కకు వాయువు కావలసింది పగలు, వేడి కావలసింది రాత్రి. కాబట్టి పగలు మండించి, శుభ్రమైన పొగను పాదులకు పంపి, వేడిని పెద్ద ట్యాంకులో నీళ్ళలో దాచి, రాత్రి ఆ నీళ్ళను ఇనప గొట్టాల్లో తిప్పుతారు. మా అమ్మమ్మ అన్నం దించాక అదే నిప్పుల్లో వంకాయ కాల్చి, ఆ బూడిదతోనే గిన్నెలు తోమినట్టు! మంట సరిగ్గా లేకపోతే మాత్రం పొగలో ఇథిలీన్ చేరుతుంది. కాయలను మగ్గబెట్టే వాయువే అది. పూత, పిందె రాలిపోతాయి.

అంతా గ్యాస్ మీదే నడిచే బతుకు. 2022లో ధర ఆకాశానికెక్కితే ఆ లోయలో ఎన్నో గాజు ఇళ్ళు నాట్లు లేక ఖాళీగా ఉండిపోయాయి. నెదర్లాండ్స్‌లో నయం. 2005 నుంచి రోటర్‌డామ్ దగ్గరి రిఫైనరీ వదిలే వాయువును పాత చమురు పైపులో తోటలకు పంపుతున్నారు. అయినా అక్కడా చాలాభాగం కిటికీల్లోంచి బయటికే పోతుంది. ఇది భూతాపాన్ని తగ్గించే పని అంటే నేనొప్పుకోను.

ఇంత ఆరా తీయడానికి కారణం మా చిన్నమామ. చేవెళ్ళ దగ్గర అర ఎకరం పాలీహౌస్‌లో కాప్సికం వేస్తాడు. ఎవరో వచ్చి ఈ వాయువు యంత్రం పెట్టుకోమని, నాలుగు లక్షలని చెప్పారట. "ఆడ పెడుతున్నరట గదరా, నిజమేనా?" అని ఫోను.

నిజమే మామా. కానీ నువ్వు పొద్దున తొమ్మిదికే పక్క తెరలు ఎత్తేస్తావు, లేకపోతే లోపల చెట్లు ఉడికిపోతాయి. ఆ తెరల్లోంచి నువ్వు కొన్న గాలి ఊరి మీద పడుతుంది. తెరలు ఎత్తి గాలి ఆడితే ఆ 420 ఎలాగూ ఊరికే వస్తుంది.

"మరి ముసురు దినాలల్ల? అప్పుడు దించే ఉంటయి గద?"

అప్పుడు ఎండేదీ? పొయ్యి వెలగనప్పుడు బియ్యం పోసి ఏం లాభం?

కాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పటికే పదివేలు బయానా ఇచ్చాడట. అది తిరిగి రాలేదు. మిగతా డబ్బులో కొంత పెట్టి చిరిగిన పైకప్పు షీటు మార్పించాడు. ఆ యంత్రం మనిషి ఇప్పుడు పక్క ఊళ్ళో తిరుగుతున్నాడట.