ఉద్యోగం పేరు కొత్తది - అడిగేది మనకు తెలిసిన కష్టాల గురించే

కలకడ: బెంగళూరు మనకు దూరపు ఊరు కాదు. ఉదయం బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరవచ్చు. కుప్పం నుంచి రోజూ రైలెక్కి అక్కడ పనికి పోయి, రాత్రికి ఇల్లు చేరేవారు ఎందరో ఉన్నారు. కలికిరి, అంగళ్లు, కుప్పం ఇంజనీరింగ్ కళాశాలల్లో చదివిన మన పిల్లల చూపు కూడా ఆ ఊరిమీదే. కంప్యూటర్ ఉద్యోగమంటే ప్రోగ్రాములు రాయడమేనని ఇంతకాలం పెద్దలు అనుకుంటూ వచ్చారు. ఇప్పుడు పిల్లల నోట మరో ఉద్యోగం పేరు వినిపిస్తున్నది. అదే ప్రొడక్ట్ మేనేజర్.

ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని కొడుకో కూతురో చెబితే, అదేమి పనో ఇంట్లో పెద్దలకు తెలియడం కష్టం. తెలియని చోటే భయం పుడుతుంది. మోసానికి కూడా అక్కడే సందు దొరుకుతుంది. శిక్షణ పేరిట లక్షలు కట్టడానికి అప్పు చేసేముందు, ఆ ఇంటర్వ్యూలో ఏమి అడుగుతారో, దానికి ఎలా సిద్ధం కావాలో తల్లిదండ్రులు సైతం తెలుసుకోవడం మంచిది.

ఏమిటీ పని?

ఫోనులో డబ్బు పంపే యాప్ ఉన్నది. దాన్ని రాసేవారు ఇంజనీర్లు. తెరమీద ఏది ఎక్కడ కనిపించాలో కూర్చేవారు డిజైనర్లు. ప్రచారం చేసేవారు వేరు. అయితే అది ఎవరి కోసం చేయాలి, వారికి ఏ కష్టం తీరాలి, ముందు ఏది చేయాలి, దేన్ని పక్కన పెట్టాలి అని తేల్చేవారు ఒకరు ఉండాలి. ఆ మనిషే ప్రొడక్ట్ మేనేజర్.

పేరులో మేనేజర్ ఉన్నా, సాధారణంగా ఆ ఇంజనీర్లు ఇతని కింది ఉద్యోగులు కారు. హుకుం చేస్తే పని జరగదు. నచ్చజెప్పి జరిపించుకోవాలి. ఊళ్లో గంగ జాతర జరిపించే పెద్దమనిషిని తలచుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. ఆయన పలక వాయించడు, వంట చేయడు, పందిరి వేయడు. కాని ఇవన్నీ వేళకు కుదిరేలా చూసే భారం ఆయనదే. ఏది చెడినా మాట పడేదీ ఆయనే.

ఈ పని పుట్టింది కంప్యూటర్ల వల్ల కాదు, సబ్బుల వల్ల. 1931 మే నెలలో అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో నీల్ మెకెల్‌రాయ్ అనే యువ ఉద్యోగి పైవారికి ఒక లేఖ రాశాడు. ఒక్కొక్క సబ్బు మంచిచెడ్డలు మొదటినుంచి చివరిదాకా చూసుకోవడానికి ఒక మనిషి ప్రత్యేకంగా ఉండాలన్నది దాని సారాంశం. ఆ పద్ధతి క్రమంగా ఇతర కంపెనీలకు, పిమ్మట కంప్యూటర్ కంపెనీలకు పాకింది. కొత్తగా చదువు ముగించినవారిని తీసుకొని ఈ పనిలో తర్ఫీదు ఇచ్చే పథకాన్ని గూగుల్ 2002లో ప్రారంభించింది.

ఏడుస్తున్న బిడ్డ ప్రశ్న

ఇటువంటి కంపెనీలలో ప్రశ్న ఏ దిక్కునుంచి వస్తుందో చెప్పడానికి మన తెలుగువాని అనుభవమే ఒకటి ఉన్నది. మైక్రోసాఫ్ట్ కంపెనీకి 2014 నుంచి అధిపతిగా ఉన్న సత్య నాదెళ్ల తండ్రి యుగంధర్‌ది అనంతపురం జిల్లా. సత్య 1992లో ఆ కంపెనీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయారు. రోజంతా లెక్కలు, కంప్యూటర్ ప్రశ్నలు నడిచాయి. చివరగా రిచర్డ్ టెయిట్ అనే అధికారి ఒక ప్రశ్న వేశారు. వీధిలో ఒక పసిబిడ్డ పడి ఏడుస్తూ కనిపిస్తే ఏం చేస్తావు అని.

ఇందులో ఏదో చిక్కు ఉందని అనుకున్న సత్య, అత్యవసర సహాయం నంబరుకు ఫోను చేస్తానన్నారు. ముందు బిడ్డను ఎత్తుకోవాలి, నీకు ఎదుటివారి బాధ పట్టించుకునే గుణం ఇంకా రావాలి అని అధికారి చెప్పి పంపారట. ఉద్యోగం రాదనే అనుకున్నారు సత్య. కాని వచ్చింది. ఈ సంగతి ఆయనే 2017లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నారు.

ఆ ఉద్యోగం పేరు వేరైనా, ప్రొడక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూకు మూలం ఇందులోనే ఉంది. ఎదుటి మనిషి కష్టం నీకు కనిపిస్తున్నదా అన్నదే వారు చూసేది. మిగిలిన ప్రశ్నలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

నాలుగు రకాల ప్రశ్నలు

ఒక్కో ఇంటర్వ్యూ ముప్పావు గంట నుంచి గంట వరకు సాగుతుంది. ఇటువంటివి మూడు నాలుగు, ఒక్కోసారి అంతకన్న ఎక్కువ ఉంటాయి. ప్రశ్నలు ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటి రకం, ఫలానావారి కోసం ఒక వస్తువు తయారు చేయమనడం. టమోటా రైతుకు పనికివచ్చే యాప్ చేయమన్నారనుకుందాం. తొందరపడేవారు వెంటనే ధరలు చూపిస్తాం, వాతావరణం చెబుతాం, ఎరువులు అమ్ముతాం అని ఏకరువు పెడతారు. అక్కడే మార్కులు పోతాయి. ముందు ఏ రైతు అని అడగాలి. సొంత భూమి ఉన్నవాడా, కౌలుదారుడా? స్మార్టు ఫోను ఉందా, మాట్లాడే ఫోను మాత్రమేనా? చదవగలడా? ఆ తర్వాత అతని కష్టం చెప్పాలి. రేపు కాయ కోసి గుర్రంకొండకు వేయాలా, మదనపల్లెకా, కోలారుకా అన్నది ఈ రాత్రే తేల్చుకోవాలి. ధర ఏమో వేలంపాటలోగాని తెలియదు. 2023 జూలైలో మదనపల్లెలో కిలో 150 రూపాయలు దాటిన టమోటాయే, మరో ఏడు కోతకూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోయవలసి వస్తుంది. బాడుగ, కమీషన్, తరుగు పోగా చేతికి వచ్చేదెంత అన్నది రైతు అసలు ప్రశ్న. అటువంటప్పుడు పది సౌకర్యాలకన్న, సాయంత్రం ఏడు గంటలకు మూడు మార్కెట్ల ధర, ఖర్చులు పోగా మిగిలేది తెలుగులో చెప్పే ఒక్క ఫోను కాల్ మేలు కావచ్చు. ఎందుకు మేలో చెప్పగలిగినవాడు నెగ్గుతాడు.

రెండవ రకం, అంచనా లెక్క. 40 వేల జనాభా ఉన్న మండలానికి రోజుకు ఎన్ని పెట్టెల టమోటా కావాలి అని అడిగారనుకుందాం. ఇంటికి నలుగురు చొప్పున 10 వేల ఇళ్లు. ఇంటికి పావు కిలో చొప్పున 2,500 కిలోలు. పెట్టెకు 25 కిలోలు పడితే 100 పెట్టెలు. హోటళ్లు, పెళ్లిళ్లకు మరో 20 కలిపితే 120. ఈ అంకె సరిగ్గా నిజమా కాదా అన్నది వారికి ముఖ్యం కాదు. ఒక్కో మెట్టు ఎందుకు అలా అనుకున్నావో పైకి చెప్పాలి. చివర్లో ఆ లెక్క ఎక్కడ తప్పే వీలుందో కూడా నీవే చెప్పాలి.

మూడవ రకం, ఉన్నది పాడైతే కారణం పట్టుకోవడం. మా యాప్ వాడేవారు వారంలో పదోవంతు తగ్గారు, ఏం చేస్తావు అంటారు. ఆవు పాలు తగ్గితే మన ఇంట్లో ఏం చేస్తాం? ఒక్క ఆవుకేనా, అన్నిటికీనా అని చూస్తాం. ఎన్నాళ్లనుంచి అని లెక్కవేస్తాం. మేత మారిందా, ఎండ ముదిరిందా, ఈత దగ్గరపడిందా, పాలు పితికే మనిషి మారాడా అని ఒక్కొక్కటే తోసివేస్తూ పోతాం. ఎవరూ మొదటే ఆవును సంతకు తోలరు. ఇక్కడా అదే వరుస. ఎప్పటినుంచి, ఏ ఊళ్లో, ఏ రకం ఫోనుల్లో, కొత్తవారా పాతవారా అని అడిగి, కారణం దొరికిన తర్వాతే మందు చెప్పాలి. అసలు కొలిచిన లెక్కే తప్పేమో కూడా చూడాలి.

నాలుగవ రకం, నీవు నిజంగా చేసిన పని చెప్పమనడం. సందర్భం ఏమిటి, నీమీద పడిన పని ఏమిటి, నీవు ఏం చేశావు, ఫలితం ఏమిటి అనే వరుసలో చెప్పాలి. ఇందుకు పెద్ద కంపెనీలో పనిచేసి ఉండనక్కరలేదు. అమ్మ డ్వాక్రా సంఘం లెక్కలు చక్కబెట్టిన అమ్మాయి, ఉమ్మడి బోరు నీళ్ల వంతుల దగ్గర ఇద్దరు అన్నదమ్ములకు రాజీ కుదిర్చిన అబ్బాయి చెప్పదగిన మాటలు ఉన్నవారే. అయితే జరిగింది జరిగినట్లు చెప్పాలి. నలుగురు కలిసి చేసినదాన్ని నేనొక్కడినే చేశానంటే, రెండు ఎదురుప్రశ్నలకే బయటపడుతుంది.

ఇంటినుంచే సాధన

వీటికి కావలసిన సాధన చాలావరకు ఇంట్లోనే చేయవచ్చు. స్మార్టు ఫోను లేనివారు సైతం డబ్బు పంపేందుకు యూపీఐ 123పే సౌకర్యాన్ని రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో వాట్సాప్ ద్వారా మన మిత్ర సేవలను మొదలుపెట్టింది. ఇటువంటిదొకటి అమ్మ చేతిలోనో, పక్కింటి పెద్దాయన చేతిలోనో పెట్టి, సాయం చేయకుండా పక్కన కూర్చోండి. వేలు ఎక్కడ ఆగింది, ఏ మాట అర్థం కాలేదు, ఎక్కడ విసుగు వచ్చింది అని కాగితంమీద రాసుకోండి. కంపెనీలు డబ్బు ఖర్చుపెట్టి చేయించుకునే పరీక్ష ఇదే. ఇటువంటివి పది చేసినవానికి ఇంటర్వ్యూలో మాటలు వెతుక్కోవలసిన పని ఉండదు.

ఇంగ్లీషు భయం మన పిల్లలను ఎక్కువగా వెనక్కి లాగుతున్నది. ముందు ఆలోచన తెలుగులోనే చేసి కాగితంమీద వరుసగా పెట్టుకోవాలి. తర్వాత దాన్నే చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో పైకి చెప్పాలి. ఫోనులో రికార్డు చేసుకొని వింటే తప్పులు తమకే తెలుస్తాయి. ఇద్దరు స్నేహితులు కూడి, ఒకరు అడుగుతూ ఒకరు చెబుతూ వారానికి మూడు నాలుగుసార్లు సాధన చేస్తే రెండు మూడు నెలల్లో నోరు తిరుగుతుంది. ప్రశ్న వినగానే ఒక్క నిమిషం ఆలోచించుకుంటానని అడగడం తప్పు కాదు. ఏ కంపెనీకి పోతున్నారో ఆ కంపెనీ యాప్ నెల రోజులు వాడి, దానివల్ల కంపెనీకి డబ్బు ఎలా వస్తుందో తెలుసుకొని పోవాలి.

డబ్బు కట్టేముందు

చదువు అయిన వెంటనే ఈ ఉద్యోగం వచ్చేది కొద్దిమందికే. ప్రోగ్రాములు రాయడంలోనో, వాటిని పరీక్షించడంలోనో, వాడకందారుల ఫిర్యాదులు వినే విభాగంలోనో రెండు మూడేళ్లు పనిచేసి ఇటు మారేవారే ఎక్కువ. మొదటి ఇంటర్వ్యూలో రాలేదని పిల్లలను నిందించవద్దు. ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో ఆ రాత్రే రాసి పెట్టుకోమనండి.

మూడేళ్లు పనిచేసినట్లు దొంగ అనుభవ పత్రాలు ఇస్తామని, దానికింత అని డబ్బు అడిగేవారి జోలికి పోవద్దు. ఉద్యోగం ఇచ్చేముందు కంపెనీలు ప్రావిడెంట్ ఫండు ఖాతా వివరాలు అడిగి సరిచూస్తాయి. ఎక్కడ, ఎన్నాళ్లు పనిచేసిందీ అందులో తెలిసిపోతుంది. అబద్ధం బయటపడితే చేరిన తర్వాత కూడా తీసివేస్తారు. అప్పు మాత్రం ఇంటిమీద మిగులుతుంది. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగేది మంచి కంపెనీ కానే కాదు. శిక్షణ అవసరమనుకుంటే, ముందు అక్కడ చదివి ఉద్యోగం తెచ్చుకున్నవారిని కలిసి విచారించుకొన్న తర్వాతే ఫీజు కట్టాలి.

మండీలో పెట్టెల పక్కన నిలబడి ధర కోసం ఎదురుచూసిన తండ్రి కష్టాన్ని దగ్గరగా చూసి పెరిగిన పిల్లలు మనవారు. ఆ చూపు ఏ శిక్షణ కేంద్రమూ అమ్మలేదు. దానికి లెక్క, వరుస, మాట జతచేసుకోవడమే ఇక వారి వంతు. ఆ సాధనకు రోజుకు రెండు గంటలు తీరిక, ఫోను పట్టుకొని పక్కన కూర్చునే ఓపిక ఇవ్వడం పెద్దల వంతు.